ఈ రాతినేలను గీసిందెవరు?

కొండను కొండ కోసమే గీయడానికి మనిషికి చాలా కాలం పట్టింది. దేవుడి వెనకాల కొండ, రాజు వెనకాల కోట, నాయిక తల మీద పూలకొమ్మ. నేల ఎప్పుడూ వెనక వరసలోనే ఉండేది. మనుషులు పక్కకు తప్పుకుని నేలే ముందుకొచ్చిన బొమ్మను మనం ప్రకృతి దృశ్య చిత్రం అంటున్నాం. దాని చరిత్ర రాసేవాళ్లు హాలెండుతోనో చైనాతోనో మొదలుపెడతారు. ఈ వ్యాసం పావగడలో నిలబడి చూస్తుంది. ఏ నేలను గీశారన్నదెంత ముఖ్యమో, ఏ నేలను ఎవరూ గీయలేదన్నదీ అంతే ముఖ్యం కదా.

పావగడ పేరుకు తుమకూరు జిల్లా తాలూకా. పటంలో చూస్తే మాత్రం కర్ణాటక నుంచి ఆంధ్రలోకి చొచ్చుకొచ్చిన ముక్క. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు పల్లెలకూ ఇక్కడి పల్లెలకూ మధ్య సరిహద్దు రాయి తప్ప వేరే తేడా కనిపించదు. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. ఎర్రనేల, శెనక్కాయ చేలు, ఎండిన చెరువులు, సర్కారు తుమ్మ. వీటన్నిటి మధ్య ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టినట్టున్న గుండ్లు. ఊరి నెత్తిన పావగడ కోట, అటువైపు నిడుగల్లు దుర్గం. నాగలమడక దగ్గర ఉత్తర పినాకిని పారుతుంది, నీళ్లున్న ఏడు. ఈ గుట్టలు క్లోజ్‌పేట గ్రానైట్ అనే రాతి పట్టీకి చెందినవి. దక్షిణాన రామనగరం నుంచి ఉత్తరానికి సాగిన ఈ పట్టీ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. క్లోజ్‌పేట అన్నది రామనగరానికి పాత పేరు. 1975లో విడుదలైన 'షోలే' తీసింది ఆ రామనగరం బండల మీదే. కోట్లమంది సినిమా హాల్లో చూసిన రాయి, పావగడలో పశువులు కాచేవాళ్లు ఆనుకుని కూర్చునే రాయి ఒకే కుదురువి.

మరి ఈ నేలకు చిత్రమేది?

ముందు బయటి ప్రపంచాన్ని చుట్టివద్దాం. చైనాలో క్రీ.శ. 1000 ప్రాంతంలోనే ఫాన్ క్వాన్ పట్టు మీద ఒక కొండ గీశాడు. పటంలో మూడింట రెండు వంతులు ఆ కొండే. అడుగున చీమల బారులా కంచరగాడిదల వరస, దాన్ని తోలుకుపోయే ఇద్దరు మనుషులు. 1072లో గువో షీ 'తొలి వసంతం' గీసి తేదీ కూడా వేశాడు. ఊరు విడిచి వెళ్లలేని ఉద్యోగి ఇంట్లో కూర్చునే కొండల్లో తిరగడానికి చిత్రం ఉపయోగపడాలని అతని వాదన. అంటే అక్కడ కొండ బొమ్మకు గిరాకీ పుట్టింది కొండకు దూరమైనవాళ్ల దగ్గర. కొండల్లో బతికే రైతు దాన్ని అడగలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

యూరపులో ఇది ఇంకా ఆలస్యం. 1521లో డ్యూరర్ తన ప్రయాణపు దినచర్యలో పాటినీర్ అనే చిత్రకారుణ్ని ప్రకృతి దృశ్యాలు బాగా గీసేవాడిగా పేర్కొన్నాడు. అదే పనిగా నేలను గీసే మనిషి ఒకడుంటాడని గుర్తించడం అప్పటికి కొత్త. తర్వాతి శతాబ్దంలో డచ్చి వర్తకులు సముద్రం నుంచి గుంజుకున్న తమ చదును నేలను, దాని మీది మబ్బులను కొనుక్కుని గోడలకు తగిలించుకున్నారు. పారిస్ అకాడమీ పెద్దలకు ఇది నచ్చలేదు. 1667లో ఫెలిబియన్ చిత్రాలకు అంతస్తులు కట్టినప్పుడు పురాణ, చరిత్ర ఘట్టాలకు పెద్దపీట వేసి, ప్రకృతి దృశ్యాన్ని కింది మెట్లలో కూర్చోబెట్టాడు. అది పైకి రావడానికి టర్నర్, కాన్‌స్టబుల్ కావలసి వచ్చారు. 1841లో జాన్ రాండ్ కనిపెట్టిన తగరపు రంగు గొట్టమూ కావలసి వచ్చింది. రంగు మూతపెట్టి జేబులో వేసుకునే వీలు దొరికాక చిత్రకారుడు పొలానికే వెళ్లి నూనెరంగుల్లో బొమ్మ పూర్తిచేసుకోగలిగాడు. 1874లో పారిస్‌లో మోనే బృందం పెట్టిన ప్రదర్శన వెనక ఆ గొట్టం పాత్ర తక్కువేమీ కాదు.

మన దగ్గరికి వస్తే, శాస్త్రం లేకపోలేదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఆకాశాన్ని, కొండను, అడవిని, నదిని, రాత్రిని ఎలా చూపించాలో విడివిడిగా చెబుతుంది. కొండంటే రాతి గుంపులు, శిఖరాలు, చెట్లు, సెలయేళ్లు, పాములు. ఈ పద్ధతిలో కొండను గుర్తుపట్టేలా చేయడమే లక్ష్యం. ఫలానా కొండ ఫలానా సాయంత్రం ఎలా ఉందన్నది ప్రశ్న కాదు. ఆ పనిని మనవాళ్లు చిత్రకారుడికి అప్పగించలేదు, కవికి అప్పగించారు. కావ్యానికి అష్టాదశ వర్ణనలు కావాలన్నారు. అందులో సముద్రం, శైలం, ఋతువులు, సూర్యోదయ చంద్రోదయాలు తప్పనిసరి. పెద్దన ప్రవరుణ్ని హిమాలయాలకు పంపాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణించినంత దగ్గరగా, బురదా దోమలూ తడి కట్టెలూ కనిపించేంత దగ్గరగా, ఆ కాలపు ఏ కుంచే చూపించలేదు. తెలుగులో తొలి గొప్ప ప్రకృతి దృశ్యాలు పద్యాల్లో ఉన్నాయనడం నాకు అతిశయోక్తిగా తోచదు.

చిత్రకారుడు నేలను పట్టించుకోలేదనడానికి ఇక్కడికి దగ్గరలోనే సాక్ష్యం ఉంది. హిందూపురం పక్కన లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో విరూపణ్ణ సోదరులు కట్టించిన గుడి. కప్పు నిండా చిత్రాలు. కిరాతార్జున కథ, పార్వతీ కల్యాణం, అడవిపంది వేట. చీరల అంచులు, కొప్పులు, తలపాగాలు ఎంత శ్రద్ధగా వేశారంటే నేటికీ నేతగాళ్లు చూసి నేర్చుకునేంత. వెనకాల ఎర్రమన్ను రంగు చదునుగా పూసి వదిలేశారు. అడవి కావలసినచోట ఒక చెట్టు. అయితే ఆ గుడి నిలబడింది కూర్మశైలమనే బోడిబండ మీద. గుడి కట్టినవాళ్లు బండను వదల్లేదు, దాన్ని నాగలింగంగా చెక్కారు, పక్కన నందిగా చెక్కారు. రాయి వాళ్లకు చేతికి అందే వస్తువు. చిత్రంలో పెట్టాల్సిన దృశ్యమని వాళ్లకు తోచలేదు.

గోల్కొండ, బీజాపూరు ఆస్థానాల చిత్రకారులు రాళ్లను గీశారు. గులాబీ, ఊదా రంగుల్లో పగడపు దిబ్బల్లాంటి రాళ్లు. చాలా అందంగా ఉంటాయి. కానీ ఆ రాళ్ల వంశం పారశీక పుస్తక చిత్రాల్లో ఉంది. గోల్కొండ కోట కిటికీ తెరిస్తే కనిపించే నున్నటి గుండ్లు ఆ కాగితాల మీదికి రావడం అరుదు.

దక్కను గుట్టలను కళ్లెదుట ఉన్నట్టు గీయాలని ముందుగా తొందరపడినవాళ్లు ఫిరంగులతో వచ్చారు. కథలో అసలు మలుపు ఇదే.

18వ శతాబ్దం చివర ఇంగ్లండులో సైనిక అధికారికి బొమ్మ గీయడం చదువులో భాగం. ఊలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీలో 1768 నుంచి 1796 దాకా డ్రాయింగు నేర్పినవాడు పాల్ శాండ్‌బీ, ఇంగ్లీషు నీటిరంగుల చిత్రకళకు ఆద్యుల్లో ఒకడు. కొండ ఏటవాలు ఎంత, దారి ఎక్కడ, గోడ ఎటు బలహీనం అన్నవి కాగితం మీదికి ఎక్కాలి. ఆ కన్నుతో వాళ్లు మైసూరు దుర్గాలను చూశారు. మూడో మైసూరు యుద్ధంలో 1791 అక్టోబరు 19న నందిదుర్గం పడింది, డిసెంబరు 21న సావనదుర్గం పడింది. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన వెంట రాబర్ట్ హోమ్ అనే వృత్తి చిత్రకారుడు ఉన్నాడు. ఆ ఏడాదే మద్రాసులో దిగినవాడు. అతని 'సెలెక్ట్ వ్యూస్ ఇన్ మైసూర్' 1794లో లండనులో అచ్చయింది. కోల్‌బ్రుక్, అలెగ్జాండర్ అలన్ అనే అధికారులూ అదే కాలంలో మైసూరు దృశ్యాల పుస్తకాలు వేశారు. టిప్పును ఓడించిన వార్త వేడిగా ఉండగానే, ఆ రాజ్యం ఎలా ఉంటుందో చూడాలని లండనులో జనానికి ఉబలాటం. అలా పావగడ రాతి పట్టీకి చెందిన సావనదుర్గం ఒక్కసారిగా లండను డ్రాయింగు రూముల్లోకి వెళ్లింది.

హోమ్ చిత్రాల్లో బండ నిజంగా బండలా ఉంటుంది. దాని నునుపు, వాన కారిన నల్లచారలు, కిందికి జారేకొద్దీ పెరిగే పొదలు. మెచ్చుకోక తప్పదు. కాని ఆ కన్ను నిలబడ్డ చోటు చూడండి. ఎప్పుడూ కొండకు ఎదురుగా, కొంత దూరంలో, గుడారాలు వేసుకునే మైదానంలో. కొండ మీది నుంచి కిందికి చూసినట్టు ఉండదు. కొండకింద చేను దున్నేవాడి వైపు నుంచి అసలే ఉండదు. ముట్టడించేవాడి చూపు అది. మన దుర్గాల గురించి తర్వాత వచ్చిన ఎన్నో పోస్టుకార్డులు, పర్యాటక శాఖ కరపత్రాలు ఈనాటికీ సరిగ్గా అక్కడే నిలబడి చూస్తున్నాయంటే ఆ అలవాటు ఎంత గట్టిదో తెలుస్తుంది.

థామస్, విలియం డేనియల్‌లు 1792లో దక్షిణాదికి వచ్చారు. యుద్ధం ముగిసిన బారామహల్ దుర్గాలు చూసుకుంటూ సాగారు. వాళ్ల 'ఓరియంటల్ సీనరీ' 1795 నుంచి 1808 దాకా 144 పటాలతో వెలువడింది. అందులో ఆనాటి ఇంగ్లండు అభిరుచి బాగా పనిచేసింది. కోటకు కాస్త శిథిలం, చెట్టుకు కాస్త వంపు, ముందు ఒక మడుగు, మూలన విశ్రాంతి తీసుకునే నలుగురు మనుషులు. బండల నేలకు ఇంత పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చిందా అని అడగకూడదు. చూసేవాళ్లు కోరింది అదే.

1799లో టిప్పు మరణించాక మైసూరు సర్వే చేపట్టిన కాలిన్ మెకంజీ దారి వేరు. స్కాట్లాండు మనిషి, ఇంజనీరు. ఆ సర్వే పదేళ్ల పాటు సాగింది. కొలత గొలుసులతో పాటు శాసనాలు, కైఫీయతులనే ఊళ్ల చరిత్రలు, గుళ్ల బొమ్మలు, కొండల బొమ్మలు పోగుచేశాడు. ఈ పనికి వెన్నెముకలా నిలిచినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే కన్నుమూశాడు. ఊళ్లోకి వెళ్లి కరణాలతో, పూజారులతో మాట్లాడి సమాచారం రాబట్టింది వీళ్లు. బొమ్మలు గీసినవాళ్లలో దొరలూ ఉన్నారు, దేశీయులూ ఉన్నారు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. బొమ్మల్లో పెద్దభాగం ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. రాయలసీమ, మైసూరు మెట్టల ఆనాటి రూపం చూడాలంటే వీసా కావాలన్నమాట. మన విశ్వవిద్యాలయాలు కైఫీయతులను అచ్చువేశాయి, మంచిదే. ఆ బొమ్మలను మాత్రం ఊళ్లవారీగా వెనక్కి తెచ్చి జనానికి చూపించే పని అంత శ్రద్ధగా జరగలేదు.

కెమెరా వచ్చాక సర్వేయరుకు కుంచెతో పని తీరిపోయింది. 1854 చివర్లో లిన్నేయస్ ట్రైప్ మైసూరు రాజ్యంలో హళేబీడు, బేలూరు గుళ్లను ఫోటో తీశాడు. నేలను గీయడం ఇక నిజంగా చిత్రకారుల ఇష్టానికే మిగిలింది. వాళ్లు ఎటు వెళ్లారు?

చల్లటి చోటికి వెళ్లారు. మైసూరు ఆస్థానంతో అనుబంధం ఉన్న కె. వెంకటప్ప కలకత్తాలో అవనీంద్రనాథ్ టాగోరు శిష్యుడు. 1920లు, 30లలో ఊటీ, కొడైకెనాల్ వెళ్లి నీటిరంగుల్లో గీసిన దృశ్యాలు ఆయన పేరుతో బెంగళూరులో ఉన్న గ్యాలరీలో చూడవచ్చు. కొండ మీదికి మంచు దిగడం, సరస్సు మీద వెలుతురు మారడం రోజుల తరబడి గమనించి గీశారు. కన్నడ నేల కన్న చిత్రకారుల్లో అంత ఓపిక ఉన్నవాళ్లు కొద్దిమందే. ఆ ఓపికలో ఒక్క వేసవి తుమకూరు బండల మీద ఖర్చుపెట్టి ఉంటే! తర్వాతి తరంలో స్వాతంత్ర్య సమరయోధుడైన రుమాలె చెన్నబసవయ్య (1910–1988) బెంగళూరు పూలచెట్లను మంటలా గీశారు. అదే నగరంలో కర్ణాటక చిత్రకళా పరిషత్తులో రోరిక్‌ల గది ఉంది. నికోలస్ రోరిక్ హిమాలయాలు అక్కడ నీలంగా మెరుస్తాయి. పావగడ కుర్రాడు బస్సెక్కి రాజధానికి వెళ్లి ప్రకృతి దృశ్యాలు చూడాలనుకుంటే అతనికి ఊటీ, హిమాలయం, గుల్‌మొహర్ చెట్లు దొరుకుతాయి.

తెలుగువాళ్ల వైపు నదే గెలిచింది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి వచ్చిన దామెర్ల రామారావు (1897–1925) ఆంధ్ర చిత్రకళకు దారి వేశారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆయన మనుషుల చిత్రాలకే ఎక్కువ పేరు. అయినా గోదావరి వెలుతురు ఆయన రంగుల్లోకి ఎక్కిన తీరు వేరు. కథల్లో, పాటల్లో, సినిమాల్లో కూడా తెలుగు ప్రకృతి అంటే గోదావరి గట్టు, కొబ్బరితోట, పంటకాలువ అన్న ముద్ర ఈ వందేళ్లలో పడిపోయింది. మెట్టను గీస్తే కరువు గీసినట్టు, డెల్టాను గీస్తే అందం గీసినట్టు అనుకునే తూకం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఈ తూకాన్ని సరిచేసిన చోటు శాంతినికేతన్. బీర్భూమ్ ఎర్రనేల, వానకు కోసుకుపోయిన ఖోయాయి గండ్లు, తాటిచెట్లు. చూడ్డానికి మన మెట్టకు దగ్గరి చుట్టం. నందలాల్ బోసు, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ ఆ పొడినేలను తక్కువచేయకుండా గీశారు. 1940లో వినోద్ బిహారీ అక్కడి హాస్టలు కప్పు మీద బీర్భూమ్ పల్లెను మొత్తంగా పరిచారు. ఊరికి ఎదురుగా నిలబడే చూపును వదిలేసి చెరువు చుట్టూ తిరిగే చూపును తెచ్చారు. అక్కడ చదివిన మన మనిషి కొండపల్లి శేషగిరిరావు (1924–2012) హైదరాబాదు తిరిగివచ్చి దక్కను బండలను చిత్రవస్తువులుగా తీసుకున్నారు. తెలుగు చిత్రకళలో రాతికి మర్యాద దక్కిన ఘట్టం అది. రాయలసీమ వైపు, పావగడ వైపు అలాంటి పట్టుదల ఇంకా రావలసే ఉంది.

అయితే పావగడ పల్లెల వాళ్లు చిత్రించిన ప్రకృతిని చూడనేలేదా? చూశారు, నాటకంలో. ఇదే తుమకూరు జిల్లా గుబ్బిలో 1884లో పుట్టిన నాటక కంపెనీ గుబ్బి వీరణ్ణ చేతుల్లో పెద్ద సంస్థ అయింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకం తెలుగు ఊళ్లన్నీ తిరిగింది. అడవి తెర, ఉద్యానవనం తెర, వీధి తెర, దర్బారు తెర. ఒకటి పైకి చుట్టుకుంటే వెనక ఇంకొకటి. లోపలికి తరిగిపోయే బాటలు, దూరానికి నీలమయ్యే కొండలు, యూరపు పర్‌స్పెక్టివ్ మొత్తం పల్లె జనానికి పరిచయమైంది ఈ గుడ్డల మీద. తర్వాత ఫోటో స్టూడియో వెనక తెరల్లో సరస్సు, మంచుకొండ. ఇంట్లో క్యాలెండరు మీద స్విట్జర్లాండు. కళాచరిత్రకారులు ఈ తెరలను లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద లోపం. పేరు తెలియని తెర చిత్రకారులు చూపించినంతమందికి ఏ గ్యాలరీ బొమ్మలు చూపించలేదు.

ఆ తెరల వారసత్వం బడి నోటుబుక్కులో మిగిలింది. ఈ ప్రాంతంలో ఏ పిల్లనైనా ప్రకృతి దృశ్యం గీయమనండి. రెండు త్రికోణాల కొండలు, మధ్యన పొడిచే సూర్యుడు, అక్కణ్నుంచి దిగివచ్చే నది, పక్కన పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, నాలుగు కాకులు. కిటికీ బయట త్రికోణమే లేదు, అన్నీ గుండ్రాలే. నది ఉండదు, చింతచెట్టు ఉంటుంది. పిల్ల కళ్లు మూసుకుని అబద్ధం గీయడం లేదు, అందమంటే అదేనని నేర్పించారు గనుక గీస్తోంది. హోమ్ నుంచి క్యాలెండరు దాకా రెండు వందల ఏళ్ల అభిరుచి ఆ పేజీలో ఉంది.

పొడినేల గొప్ప చిత్రానికి పనికిరాదన్న వాదం ఎక్కడా నిలబడలేదు. సెజాన్ తన ఊరి పక్కన సేంట్ విక్త్వార్ అనే సున్నపురాతి కొండను ముప్పైకి పైగా నూనెరంగు చిత్రాల్లో, ఇంకా ఎన్నో నీటిరంగుల్లో పట్టుకున్నాడు. ఆధునిక చిత్రకళ సగం ఆ కొండ మీంచే దిగివచ్చింది. జార్జియా ఓకీఫ్ న్యూమెక్సికో ఎడారిని సొంతం చేసుకుంది. నాకు వీళ్లందరికన్నా ముఖ్యంగా తోచేవాడు ఆల్బర్ట్ నమత్జిరా. ఆస్ట్రేలియా నడిబొడ్డు ఎర్ర ఎడారిలో పుట్టిన ఆదివాసి. బయటినుంచి వచ్చిన చిత్రకారుడి దగ్గర నీటిరంగులు నేర్చుకుని, తన వాళ్ల నేలను తానే గీసి, 1938లో మెల్‌బోర్న్‌లో ప్రదర్శన పెడితే చిత్రాలన్నీ అమ్ముడయ్యాయి. ఆ నేల శూన్యమని తెల్లవాళ్లు అనుకుంటున్న రోజులవి. నేలలో పుట్టినవాడే కుంచె పడితే ఏం మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే పావగడ రూపం మన కళ్లముందే మారుతోంది. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ల పరిధిలో, 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల 'శక్తి స్థల' సౌర పార్కు 2018 మార్చిలో ప్రారంభమైంది. భూమి కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏటా 21,000 రూపాయల లెక్కన 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. శెనక్కాయ పండని ఏళ్లలో కౌలు డబ్బు వస్తున్నందుకు సంతోషించే రైతు ఉన్నాడు. చేను లేకపోవడంతో పనిపోయిన కూలీ కూడా ఉన్నాడు. గుండ్ల మధ్య ఎర్రదుక్కి ఉన్నచోట నల్లని పలకల వరసలు, వాటి చుట్టూ కంచె. దేశమంతా దీన్ని డ్రోన్ ఫోటోల్లో చూసింది. పైనుంచి తీసిన ఆ ఫోటోలో మనుషులు కనిపించరు, ఏ చేను ఎవరిదో తెలియదు. మెకంజీ పటం లాగే అదీ కొలిచేవాడి చూపు. నేల మీద నిలబడి ఈ మార్పును గీసిన చిత్రం మాత్రం నా కంటబడలేదు.

బెంగళూరు, హైదరాబాదు లలితకళా కళాశాలల్లో ప్రకృతి దృశ్య చిత్రణ పాఠంగా ఉంది. విద్యార్థుల్ని ఏటా ఎక్కడికో బొమ్మల యాత్రకు తీసుకెళ్తారు, ఎక్కువగా హంపీకి, సముద్రపు ఒడ్డుకు. ఆ యాత్రల్లో ఒకదాన్ని పావగడకు, నిడుగల్లుకు, నాగలమడకకు మళ్లించమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. ఖర్చు ఎక్కువ కాదు. ఎండ ఎక్కువ, అంతే. దానికన్నా ముందు తాలూకాలోని డ్రాయింగు మాస్టర్లు, టీచరమ్మలు ఒక పని చేయవచ్చు. ప్రకృతి దృశ్యం గీయమని చెప్పే రోజున తరగతిని చెట్టుకిందికి తీసుకెళ్లండి. నల్లబల్ల మీద నమూనా గీయకండి. ఎదురుగా ఉన్న గుట్టను చూసి గీయమనండి. సౌర పలకలు కనిపిస్తే వాటినీ గీయమనండి. బాగా వచ్చిన బొమ్మలను పంచాయతీ కార్యాలయం గోడకు తగిలించండి.